నూట అరవయ్యో పేజీలో వాన

అవేరు పట్నంలో, మంగళవారం రాత్రి,
బూట్లు కుట్టే బెంతు దుకాణం వెనక గదిలో
మేం ఏడుగురం, కుర్చీలు ఆరు.
ఆలస్యంగా వచ్చినవాళ్ళకి తోలుముక్కల పెట్టె.
ఇవాళ అది నాది.

మధ్యలో బల్ల మీద
తెయొదోరు వలెన్సా ప్రేమాయణం.
ఆయన పోయి నూటపదేళ్ళు.
ఆయన పద్యాలు అప్పజెప్పలేక
బడిలో గోడకుర్చీ వేసినవాళ్ళమే అందరం.
ఇప్పుడు లిస్బన్ నుంచి ఒక అమ్మాయి
ఆయన పడకగది తలుపు తోసుకుని వెళ్ళి
నాలుగువందల పేజీలు లోపలే కూర్చుంది.

"వట్టి కోత," అన్నాడు దమియావ్.
వాతావరణ కేంద్రంలో ముప్పయ్యేళ్ళు
గాలినీ తేమనీ పద్దు రాసిన మనిషి.
"నూట అరవయ్యో పేజీ. ఉప్పు మడుల గట్టు మీద
జోరు వాన, వానలో ముద్దు.
పాత రికార్డులు తీసి చూశాను.
ఆ ఆగస్టు నెలంతా చినుకు లేదు."

"చినుకు లేకపోతే ముద్దు కూడా లేనట్టేనా?"
ఎద్వీజకి ముద్దు కావాలి.
ఆ పేజీ చదువుతూ బస్సులో
రెండు స్టాపులు దాటిపోయిందట,
వెనక్కి నడిచొస్తూ కూడా చదివిందట.

మందుల షాపు ఫౌస్తీను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు:
"పెళ్ళాం గురించి పదకొండు వాక్యాలు.
తొమ్మిదింట్లో ఆవిడకి తలనొప్పి.
నా దగ్గరికి వచ్చుంటే
ఏదో ఒక మాత్ర ఇచ్చేవాణ్ణి."
నవ్వాం. ఆయన నవ్వలేదు.

బెంతు సూది ఆపకుండానే అన్నాడు:
"బతికున్నవాడి మీద రాస్తే కోర్టుకెళ్తాడు.
చచ్చినవాడికి వకీలెవడు?"

నన్నడిగారు. నూట నలభై దగ్గరే ఆపేశానని
చెప్పలేక, భాష బాగుందన్నాను.

అప్పుడు ఒతీలియా.
మూడేళ్ళుగా వస్తుంది, టీ పోస్తుంది, కప్పులు కడుగుతుంది.
"ఆ ఉప్పు మోసే పిల్ల," అంది,
"మా అమ్మమ్మకి అమ్మ కావచ్చు. కాకపోవచ్చు.
ఉత్తరాలూ ఫొటోలూ ఏం లేవు మా ఇంట్లో.
ఒక్క మాట మాత్రం ఉంది,
తల్లి కూతురికి చెప్పుకుంటూ వచ్చింది:
వలెన్సాగారు మూడు బుట్టల ఉప్పు బాకీ."

దమియావ్ నోట్లో లెక్క కట్టాడు.
"బుట్టకి ముప్పై కిలోలు వేసుకున్నా..."
ఎద్వీజ మెల్లగా అంది:
"ఇద్దరుండే ఇల్లు కదా అది.
అంత ఉప్పు ఏం చేసుకుంటారు?"

సూది ఆగింది.
వంటగదిలో మూడో బుట్ట దిగినప్పుడు
ఆ తలనొప్పి మనిషి ఏమనుకుందోనని
ఫౌస్తీను మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

"ఇంకోటి," అంది ఒతీలియా, కప్పులు పోగుచేస్తూ.
"వాన పడితే ఆవిడ ముద్దుకి నిలబడదు.
ఉప్పు కుప్పలున్నాయి కదా బయట.
గడ్డి కప్పడానికి పరిగెత్తుతుంది.
వేసవి కూలంతా కరిగిపోతుంటే
ముద్దేమిటి?"

ఇంటికొచ్చి, వదిలేసిన చోటు నుంచి
మళ్ళీ మొదలుపెట్టాను.
అర్ధరాత్రి దాటాక నూట అరవై వచ్చింది.
వాన బాగానే పడుతోంది. దమియావ్ క్షమించాలి,
నా మెడ కూడా తడిసింది.
ఆయన ఆమె చెయ్యి పట్టుకుని
మేఘాల గురించి ఏదో అంటున్నాడు.
వాళ్ళ వెనకాల కుప్పలు
తెల్లగా, బోడిగా.

పెన్సిలు వెతికాను.
లైబ్రరీ పుస్తకమే, అయినా
అంచున చిన్నగా రాశాను:
అయ్యా, ఆ చెయ్యి వదిలెయ్యండి.
ఎడంపక్క గడ్డిమోపు ఉంది,
ముందది ఎత్తండి.