తూకం

నల్లగొండల గడియారం సెంటరు దాటి
రెండు గల్లీలు లోపలికి పోతే
నోటుబుక్కులు, పెండ్లి కార్డులు అమ్మే దుకాణం.
వెనక గదిల ఒక్క రాక్ నిండ బొమ్మల పుస్తకాలు.
నా పర్సుల ఏడు వందల యాభై.
మా అంగన్‌వాడీకి వచ్చే గుడ్ల అట్టలు
ఖాళీ అయినంక అమ్మి
ఏడాది సంది కూడబెట్టినయి.

నేను పుస్తకాన్ని ముందుగాల తెరువ.
ఎడమ చేతుల పెట్టుకుని
ఎత్తి చూస్త, దించి చూస్త.
"కిలోల లెక్క అమ్మం మేడం" అని నవ్విండు దుకాణపాయన.
నేను నవ్వలే.
ఇంకోటి ఎత్తిన.

దీంట్ల మంచు కురుస్తున్నది,
పోరి ఉన్ని టోపీ పెట్టుకున్నది.
మా దిక్కు మంచు యాడిది?
గని నఫీసా ఈ పేజీ చూస్తే
"ఇంత పిండి ఎవలు పారవోసిన్రు?" అంటది.
ఆ ఒక్క మాటకే దీన్ని కొనొచ్చు.

దీంట్ల చివరికి నీతి ఉన్నది, ఎర్ర డబ్బాల.
సంబురంగ తిని లేవంగనే
ఎవలో వచ్చి లెక్క అడిగినట్టు.
పక్కకు.

ఈ మేకను గీసినాయన మేకను చూసినోడు కాదు.
కంట్ల నల్లగీత నిలువుగ పెట్టిండు.
అడ్డంగ ఉంటది.
నాకు తెల్వకపోయేది,
గొల్లోల్ల బీరేశు చెప్పిండు పోయిన ఎండకాలం,
నాలుగేండ్లు నిండలే వానికి.
ఇది కొంటే వాని ముందట నా ఇజ్జత్ పోతది.

నచ్చినదాన్ని గట్టిగ చదివి చూస్త
అక్కడ్నే, నిలబడి.
"డబ్బా దొర్లె డబడబ, దాని ఎనక దూడ దొర్లె..."
పెండ్లి కార్డు ఏరుకుంటున్న పెద్దమనిషి
తల తిప్పిండు.
మాట నోట్లె రేగువండు లెక్క తిరగాలె.
రెండో పేజీల "పర్యావరణ పరిరక్షణ" వచ్చింది.
గింజ పంటికి తగిలింది.
అది గూడ పక్కకు.

బరువెందుకంటే,
మా తాన చదివేది నేను కాదు.
మర్రిగూడ దిక్కు ఊరు మాది.
ఏండ్లకేండ్లు బోరు నీళ్లు ఎముకలల్ల చేరి
మల్సూరు తాతకు మెడ తిరుగదు, నడుము వంగదు.
పక్కకు చూడాలంటే మనిషి మనిషే తిరగాలె.
ఫ్యాన్ గాలికని వచ్చి కూసునేటోడు.
ఒకనాడు పోరగాండ్లు పుస్తకం చేతుల పెట్టిన్రు.
ఏడో తరగతి దాక చదివిన గొంతు,
గుంపుకు వినవడే గొంతు.
ఒడిల పెట్టుకుంటే తలొంచి చూడలేడు,
కండ్ల కెదురుగ పట్టుకోవాలె.
గట్టి అట్టది మూడో పేజీకే జారింది.
కింద పడ్డది పుస్తకమే గని
తాత మొఖం చూసి
పిల్లలెవలూ నవ్వలే.

అప్పటి సంది పేజీ తిప్పేది పిల్లలే.
దూడ తప్పిపోయిన పేజీ
నఫీసాకు మూడుసార్లు కావాలె.
తాత మూడుసార్లు చదువుతడు,
మూడోసారి గూడ
దూడ దొరుకుతదో లేదో తెల్వనట్టు.

నాలుగు పల్చటివి కొన్న. మంచుది గూడ.
పైసలియ్యబోతుంటే కౌంటర్ మీద ఒకటి కనవడ్డది:
పల్లెం అంత పెద్దది, మాటలు తక్కువ,
వాగుల ఒక్క చెప్పు కొట్టుకపోతుంటది
పేజీ ఎనక పేజీ.
ఎత్తి చూసిన. రాయి లెక్కుంది.
కింద పెట్టిన.
మంచుది వాపసిచ్చి మళ్ల ఎత్తిన.
బస్సుల మొత్తం తొవ్వ నన్ను నేనే తిట్టుకున్న,
నఫీసా పిండి పాయె, తాత చేతులు ఆపుతయా అని.

తెల్లారి పోరగాండ్లు అట్ట తెరిచి చూసిన్రు,
తాత మోచేతులు చూసిన్రు.
బీరేశు స్టూలు గుంజుకొచ్చిండు.
మూలకున్న గుడ్ల అట్టలు
ఒకదాని మీద ఒకటి, ఒకదాని మీద ఒకటి,
తాత కండ్ల ఎత్తుకు వచ్చేదాక పేర్చి
పైన పుస్తకం నిలవెట్టిన్రు.
"ఇగ ఇవి అమ్మకు టీచర్" అన్నడు.

చెప్పు రాయికి తట్టుకుని ఆగింది.
తాత చదివి ఊకున్నడు.
ఫ్యాన్ తిరుగుతున్నది.
నఫీసా ఇంక
పేజీ తిప్పలే.