ఆట కట్టినోడు

పరకాల అచ్చాఫీసుల
కరపత్రం మీద నా పేరు కింద
ఏం రాయాల్నని అడిగిండు సాంబమూర్తి.
నాటకకర్త అంటె నాకే గొంతు పట్టింది.
రచయిత అంటె ఎవలిదో ఇస్త్రీ అంగి తొడిగినట్టున్నది.

మొకానికి అర్దళం పూసుడు నేర్పిన చిందుల కిష్టవ్వ
బీడీ ఆర్పి,
"ఆట కట్టినోడు అని రాయి" అన్నది.

చదరంగంల ఆటకట్టంటె ఓడుడు గదా, నవ్విండు సాంబమూర్తి.

"అవ్, కట్టేటోడే ముందుగాల ఓడాలె.
నువ్వు రాసింది
గజ్జెగట్టినోళ్ల నోట్లె కోడికూసేదాక ఉంటదా?
నులక నువ్వల్లుతవు,
పండేది ఇంకోడు."

మాపటికి కాయితం వచ్చింది.
తొందరల ట కింద వత్తు పడలే:
ఆట కటినోడు.

అవ్వకు చదువు రాదు.
తడి సిరా మీద వేలు పెట్టి
"గట్టిగనే ఉన్నది" అన్నది.

ముడి వదులైందని
నేను చెప్పలే.