రంగు తప్పిన పోగు

కొత్తవాడల మా మగ్గం గుంటకు
ఎడమ దిక్కు ఒక మొల ఉండె.
నాయిన కాలంనాటిది.
తొక్కుడుబద్ద జారినప్పుడల్లా
మడమను ముట్టి పలకరిస్తది.
ఆ ఆదివారం
కొంచెం లోపలికి వచ్చి పలకరించింది.

పసుపు పెట్టిన. సున్నం పెట్టిన.
సొసైటీకి పద్నాలుగు షత్రంజీలు బాకీ,
దసరా ఇంక తొమ్మిది రోజులు.
మడమకేం తెలుసు పండుగ సంగతి?

మూడోనాడు సలి.
బయట ఎండ పెంకుల్ని కాలుస్తుంటే
మూడు షత్రంజీల కింద
దవడలు కొట్టుకుంట పండుకున్న.
నేను నేసినవే, ఒక్కటీ నాకు వెచ్చగ కాలేదు.
ఆర్‌ఎంపీ వచ్చి సూది ఇచ్చిండు.
పొద్దుమూకేసరికి జరం దిగింది.
ఒళ్లు చల్లబడ్డదని
వాడకట్టంతా సంతోషపడ్డది.

భూలక్ష్మి పడలేదు.

ఆమెకు లెక్కలు రావంటరు.
కండెలు చుట్టే చెయ్యి, దానికి లెక్కే పని.
నా ఛాతి మీద ఆ చెయ్యేసి
ఊపిరి లెక్కపెట్టింది.
ఎవరో తరుముతున్నట్టు ఉరుకుతున్నదట
మంచంల పండుకున్న మనిషి ఊపిరి.
చెంబెడు నీళ్లు లోపలికి పోయినయి గానీ
పొద్దంత ఒక్క చుక్క బయటికి రాలేదని
యాది చేసుకుంది.
మోకాళ్ల మీద తోలు
రంగు సరిగ్గ పట్టని నూలు తీరు
మచ్చలు మచ్చలు.

అప్పుడు నేను అన్ననట:
"ఆ ఎర్ర కండె ఇటియ్యి."
చూపెట్టింది నీలం.

ముప్పై ఒక్క ఏండ్లు.
కరెంటు పోయిన రాత్రి గుడ్డిదీపం కింద కూడ
నేను రంగు తప్పలేదు.
తాగి వచ్చిన రాత్రులు కూడ తప్పలేదు.
"నిద్రమబ్బు, పండుకోనియ్యి" అన్నది మా వదిన.
"జరం దిగింది గద, పొద్దుగాల చూద్దం" అన్నడు బావ.
"ఈయన మా ఇంటాయన కాదు" అని
భూలక్ష్మి ఆటో కోసం ఉరికింది,
చెప్పులు లేకుండ.

పోచమ్మ మైదాన్ దాటంగ రెండు గొట్టిందట.
నాకు గుర్తున్నది ఒక్కటే:
ఆటో పైకప్పుల చిన్న చినుగు,
దాంట్లకెళ్లి నా తమ్ముడు,
చచ్చిపోయి ఆరేండ్లయిన తమ్ముడు,
పడుగు పట్టుకొని నిలవడ్డడు.
"ఇగ రా, అతుకుదం" అంటున్నడు.

ఎంజీఎంల చిన్నవయసు డాక్టరమ్మ
నా బొటనవేలి గోరు ఒత్తి వదిలి
నెత్తురు తిరిగి వచ్చేదాక చూసింది.
నెత్తురు తొందర పడలేదు.
ఆమె పడ్డది.
సెప్సిస్ అన్నది.
నున్నగున్నది మాట, మా మొల తీరు.
"ఇంకో పూట ఆగితే..." అని
మిగిలిన సగం
సెలైన్ సీసాకు తగిలించి పోయింది.

పదిహేడు రోజులు.
కాలివేళ్లు రెండు అక్కడ్నే ఉన్నయి.
ఆ యేడు దసరా
పాలపిట్ట లేకుండనే పోయింది.

బతికినోన్ని చూడనీకి వస్తరు జనం.
"మంచిగైనవు" అంటరు.
దువ్వెనకు వచ్చే జుట్టును,
చెంబు లేపితే వణికే మణికట్టును,
ఉత్తగనే ముంచుకొచ్చే ఏడుపును
ఎవరికి చూపెట్టాలె?
డిజైను సగంల మర్చిపోయి
నేసింది విప్పుత, విప్పింది నేస్త.
మొల పీకేసిన.
దాని బొక్క దగ్గర మాత్రం
కాలు ఇంకా అలవాటుగ వంకర తిరుగుతది.

మొన్న ఎదురింటి బీడీల మల్లవ్వకు జరమొస్తే
భూలక్ష్మి పోయి
జరమెంత అని అడగలేదు.
"ఉచ్చ పోసిందా? ఊపిరెట్లున్నది?
కాళ్లు చేతులు చల్లగున్నయా?
నిన్నటి మనిషేనా?" అని కోడల్ని అడిగింది.
మల్లవ్వ లోపల్నుంచి తిట్టింది.
తిట్లన్ని సరైన వరుసలనే ఉన్నయని
మా ఆమె నవ్వుకుంట వచ్చింది.

ఇప్పటికీ కొన్ని రాత్రులు
నన్ను లేపి, లైటేసి,
కండ్ల ముందట పోగు పెడ్తది.
"ఇదేం రంగు?"
"నీలం."
ఇంకొకటి.
"ఎరుపు. పండుకో."
లైటు తీసి ఆమె పండుకుంటది.
నేను చీకట్ల
ఆ రెండు పోగులను వేళ్ల నడుమ
తడుముకుంట ఉంట.
తడిమితే
రెండూ ఒక్కతీరే.