వేలు ఆగిన చోటు

వుల్వర్‌హాంప్టన్ క్రౌన్ కోర్టు, మూడో హాలు.
నాకు పని ఒక్కరోజే.
గంటకింత, పోనూరానూ రైలు ఖర్చులు అదనం.
షరతు ఒకటే:
సాక్షి ‘నేను’ అంటే నేనూ ‘నేను’ అనాలి.

పొట్నూరు పైడితల్లి,
ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పదకొండేళ్లు,
చేతికర్ర లేకుండా బోనుదాకా నడిచింది.
జ్యూరీ పన్నెండుమందీ ఆ నడకే చూశారు.
ఆ తుంటికీలు మార్చినవాడు
అద్దాల గూటిలో, నీలం టైతో, మోకాళ్లమీద చేతులు పెట్టుకుని:
డాక్టర్ రోలండ్ ఫెన్విక్.
ఆమె అడుగులు లెక్కపెడుతున్నాడు,
లేక నాకే అలా అనిపించిందో.

ప్రాసిక్యూటర్ డన్‌మోర్ అడిగింది
నాలుగొందల పౌండ్లు ఎందుకిచ్చారని.
“సెయ్యి తడిపినాను తల్లీ.”

ఆగిపోయాను.
బయట పొద్దుట్నుంచీ వాన.
ఉన్నదున్నట్టు చెబితే
జ్యూరీకి గుమ్మంలో వదిలిన గొడుగులు గుర్తొస్తాయి.
లంచం అని చెబితే
అది ఆమె నోట రాని మాట.
జడ్జిగారి అనుమతి అడిగి
ఇది మా భాషలో ఒక పలుకుబడి అని మొదలుపెట్టి
ఆ తడినీ ఆ చేతినీ విడివిడిగా అప్పజెప్పాను.
తర్వాత ఇంగ్లీషులో, గట్టిగా,
నేనిచ్చాను, అన్నాను.

ఆ వాక్యం నా గొంతుకి అంత కొత్తగా లేదు.
కాకినాడ పెద్దాసుపత్రిలో
నన్ను గుడ్డలో చుట్టి తలుపు దగ్గరే నిలబడి
మగపిల్లాడమ్మా, యాభై, అందట ఆయా.
మా మేనమామ జేబులో ముప్పై అయిదే ఉన్నాయి.
తక్కిన పదిహేనూ పాలవాణ్ణడిగి తెచ్చేదాకా
నేనింకా ఎవరికీ పుట్టలేదు.

మధ్యాహ్నం డిఫెన్సు లాయరు లేచాడు. మంచి గొంతు.
డబ్బిమ్మని డాక్టరు అడిగాడా? ఒక్కసారైనా?
“అడగనేదు.”
అతను జ్యూరీ వైపు తిరిగి, విగ్గు సర్దుకుని
కూర్చోబోయాడు.
ఆమె ఇంకా పూర్తి చెయ్యలేదు.
“కాయితం మీద ఏలెట్టినాడు.”

బోను చెక్కమీద చూపుడువేలు ఆనించింది.
“నా పేరిక్కడ.”
వేలు మెల్లగా పైకి జరిపింది,
ఒక్కో పేరూ దాటుతున్నట్టు, గతుకుల రోడ్డు మీద బండిలా.
పైన, అంచుకి బెత్తెడు దూరంలో, ఆపింది.
తల ఎత్తి నా మొహంలోకి చూసింది,
ఆయన ఆమెను ఎలా చూశాడో అలా.
“అంతే బాబూ. మరేటీ అన్నేదు.”

నాకు తెలిసిన రెండు భాషలూ
చేతులు కట్టుకుని నిలబడ్డాయి.
సాక్షి వేలు కిందనుంచి పైకి జరిపి ఆపిందని
జడ్జిగారే చెప్పి రికార్డు చేయించారు.
ఆ రోజు మొత్తమ్మీద
నా అవసరం లేకుండా అందరికీ అర్థమైంది అదొక్కటే.
ఫెన్విక్ తన చేతులు మోకాళ్లమీంచి తీసి
ఒళ్లో దాచుకున్నాడు.

అరవై ఒకటో పేజీ జ్యూరీ చేతులు మారింది.
మార్చి జాబితాలో ఆమె ముప్పైనాలుగు,
ఏప్రిల్లో మూడు.
తక్కిన పేర్లన్నీ నల్ల పట్టీల కింద.

కేసు గురించి నేను మాట్లాడకూడదు.
వరండాలో కాఫీ మిషను పక్కన ఆమే అడిగింది:
“ఆ నల్లటివన్నీ ఎవుల పేర్లు బాబూ?”
తెలీదన్నాను. అది నిజమే.
“నెక్కెట్టినాను. ముప్పై ఒకటి.”
మంచి తుంటి మీద ఒకసారి, కొత్త తుంటి మీద ఒకసారి
బరువు మార్చుకుని నిలబడింది.
“ఎవులో ఏటో.
ఆల దుప్పట్లు మాత్రం నానే ఉతికుంటాను.”

దాన్ని తర్జుమా చెయ్యమని ఎవరూ అడగలేదు.
ఫారంలో ‘పని ముగిసిన వేళ’ దగ్గర
నాలుగూ పది అని రాశాను.