జానెడు దూరం

బంగీ నుంచి ఎన్‌జమేనాకి
గోడ మీది పటంలో నా జానెడు కూడా లేదు.
చెల్లి ఫ్లావియెన్ కాన్పుకి బయల్దేరాను.
టికెట్లమ్మే గెర్విల్ కంప్యూటర్లోకి చాలాసేపు చూసి
"అడిస్ అబాబా మీదుగా, మదాం. రెండు రాత్రులు" అన్నాడు.
ముక్కేదంటే
తల చుట్టూ తిప్పి చూపించాడు.

ఇరవై మూడేళ్లు రవాణా శాఖలో టైపిస్టుని.
ఖండమంతటికీ ఒకే ఆకాశం అంటూ
ఆ ఒప్పందం ఎన్నిసార్లు కొట్టానో!
ఒకసారి కార్బన్ కాగితం పెట్టి,
ఒకసారి కరెంటు పోయి మళ్లీ మొదట్నుంచీ.
మంత్రులు మారారు, కామాలు మారాయి,
సంతకాల తడి ఆరిపోయింది.
ఆకాశం తాళాలు మాత్రం
ఎవరివి వాళ్ల బొడ్లోనే.

పక్షులకి వీసాలెందుకని
ప్రతి ఉపన్యాసంలోనూ ఒక వాక్యం. కొట్టీ కొట్టీ
చివరికి నేనే కొట్టేసేదాన్ని.
ఏ పక్షి మోస్తుంది
నాలుగు కిలోల కర్రపెండలం పిండి,
బిడ్డని వీపుకి కట్టుకునే గుడ్డ,
బాలింతకని అమ్మ తవ్వి ఇచ్చిన వేరు?

అడిస్‌లో తెల్లవారుజామున,
గాజుగోడకి ఆనుకుని కునుకు తీస్తుంటే
ఫోను మోగింది.
ఆడపిల్లట.

తొమ్మిది నెలల దారి
నాకన్నా ముందే దాటేసింది.