చిల్లరకు బదులు

ఎర్జురుంలో చలి ఏడు నెలలు.
మిగతా ఐదూ చలి గురించిన మాటలు.
నా కొట్టు తలుపు తీస్తే ముందు ఆవిరి వస్తుంది,
వెనకాల మనిషి.

నిగార్ అవ్వ వచ్చేది చక్కెర గడ్డల కోసం.
మా వైపు టీలో చక్కెర కలపరు,
గడ్డని పళ్ళ మధ్య బిగించి
దాని మీదుగా వేడి టీ లాగుతారు.
అరవై ఏళ్ళు అలా లాగాక
డాక్టరు కాగితం మీద ఒక అడ్డగీత గీశాడు.

అప్పట్నుంచీ చిన్న డబ్బీ.
నొక్కితే ఒక తెల్లమాత్ర.
"ఇది పళ్ళకి చిక్కదురా జెవ్దెత్,
చుట్టపుచూపుకొచ్చి గుమ్మంలోంచే వెళ్ళిపోయినట్టు
గ్లాసులో పడి మాయమవుతుంది" అంది.
అయినా తాగింది. తీపి తీపే.

రెండేళ్ళకి మనవడు పుట్టాడు, కొరాయ్.
మడమ పొడిచి తీసిన నెత్తుటి బొట్టు
రాజధాని దాకా వెళ్ళి
నోరు తిరగని జబ్బుపేరుతో తిరిగొచ్చింది.
మాంసం లేదు, గుడ్డు లేదు, జున్ను లేదు,
రొట్టె కూడా తూచి.
తూచడమే నా బతుకు,
అంత సన్నంగా మాత్రం ఎన్నడూ తూచలేదు.

వాడికి ఆరేళ్ళప్పుడు ఒకరోజు
చిల్లర లేక
చక్కెర లేని చూయింగ్ గమ్ చేతిలో పెట్టాను.
మంచిపనే అనుకున్నాను, పళ్ళు పుచ్చవు కదా.

పది నిమిషాలకి అవ్వ తలుపు తోసుకొచ్చింది.
అరచేతిలో నమిలిన ముద్ద.
తిట్టలేదు.
పైకాగితం బల్లమీద చదును చేసి
గోరుతో చూపింది.
చీమకాలంత అక్షరాలు.
పదహారేళ్ళుగా అమ్ముతున్నాను,
ఆ వరస ఒక్కసారీ చదవలేదు.

అవ్వకి చదువు రాదు.
ఆ ఒక్కమాట వచ్చు. ఫెనిలలనిన్.
నడుమ రెండు పొడుగు కర్రలు, వాటి మధ్య ఒక గుండ్రం.
కోడలు పిండిలో వేలితో రాసి నేర్పిందట.

"ఒక్కటికే ఏం కాదులే అవ్వా,
నీ మాత్రలోనూ ఉన్నది అదేగా,
ఎనిమిదేళ్ళుగా గుండ్రాయిలా ఉన్నావు."

"నాకేం కాదు. ఊళ్ళో ఎవరికీ ఏం కాదు.
వీడికే లెక్క.
మా ఇద్దరికీ బల్ల ఒకటే."

తన డబ్బీ నా ముందు పెట్టి
పాతరకం ఇమ్మంది, శాకరిన్.
నాలుక చివర ఇనుపచేదు మిగులుతుందని చెప్పాను.

"మిగలనీ.
పిల్లాడి చెయ్యి ఎక్కడైనా పడుతుంది.
నా నాలుక ఎక్కడికి పోతుంది?"

ఇప్పుడు గల్లాపెట్టె పక్కన ఒక భూతద్దం ఉంది.
చక్కెర లేని సీసాలు నేనూ అమ్ముతాను,
బెజ్జాలు చాలని బెల్టు చూసుకుని నేనూ తాగుతాను.
కాకపోతే ప్రతి సోమవారం బ్యాంకుకెళ్ళి
ఒక సంచీడు నాణేలు తెస్తాను.

కొరాయ్ రెండుసార్లు లెక్కపెట్టుకుంటాడు.
పావలా తగ్గినా కదలడు.