మాయ పడిందా

కాన్పుల గది తలుపు సందులోంచి
ఆయా రత్తమ్మ అడిగే మాట ఒక్కటే:
"మాయ పడిందా?"
బిడ్డ ఏడ్చాక, బొడ్డు కోశాక కూడా
ఊపిరి బిగబట్టి చూసే రెండో కాన్పు అది.

గుంటూరు పెద్దాసుపత్రిలో
పదకొండేళ్ళుగా నా బల్ల మీదికి వచ్చేది
ఆ పడిన మాయే.
ఫార్మలిన్ డబ్బా. మూత మీద ప్లాస్టర్ ముక్క.
దాని మీద బాల్‌పెన్నుతో:
మస్తాన్‌బీ, ముప్ఫై ఒకటి, నాలుగో గర్భం, మొదటి బిడ్డ.

ఆ నాలుగుకీ ఒకటికీ మధ్య
కామా ఒక్కటే ఉంది.
మూడు కడుపులు ఆ కామాలో ఉన్నాయి.

మిర్చి యార్డులో ముచ్చికలు తీస్తుంది మస్తాన్‌బీ.
ఎండాకాలం మొదట్లో ఆ వైపు ఊరంతా తుమ్ముతుంది.
ముక్కు ఊరుకోదు, కన్ను ఊరుకోదు.
నాది కానిదేదో వచ్చింది, పో పో అంటుంది ఒళ్ళు.
కంట్లో నలుసు క్షణం ఆగదు.
మరి కడుపులో నలుసు
తొమ్మిది నెలలు ఎట్లా ఆగింది?
సగం తనది, సగం నాగుల్‌మీరాది.
అతను కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర
చీటీ చూడందే చీమని కూడా లోపలికి పోనివ్వడట.

నేను కోస్తాను. నాలుగు మైక్రాన్లు.
ఉల్లిపొర దాని ముందు దుప్పటి.
రంగు వేసి, కడిగి, మళ్ళీ రంగు వేసి
కన్ను ఆనిస్తే
కాఫీ మరకలాంటి ఒక అంచు.
అమ్మ గోడలోకి చొచ్చుకొచ్చిన బిడ్డ వైపు కణాలు
ఒంటికి పూసుకున్న ప్రోటీను అది.

చుట్టూ గుంపుగా అమ్మ తరఫువాళ్ళు.
సహజ హంతక కణాలని పుస్తకంలో పేరు.
పరీక్షకి చదువుకునేటప్పుడే దడగా ఉండేది.
తండ్రి పోలికల చీటీలు చాలామటుకు
బిడ్డ దాచేసింది.
అసలు చీటీయే లేనివాళ్ళని వీళ్ళు బతకనివ్వరు.
అందుకని ఒకటి పట్టుకుంది,
ఏ బిడ్డ చేతిలోనైనా దాదాపు ఒకేలా ఉండేది.
పేరు లేదు, ఊరు లేదు, ఫలానావారి సంతానమని లేదు.
ఏం రాసుందో నాకూ తెలీదు.
చదివినవాళ్ళు కత్తి దించారు, అంతవరకే తెలుసు.

దించి ఊరుకోలేదు.
పలుగూ పారా అందుకున్నారు.
మెలికలు తిరిగిన సన్నటి నెత్తుటి కాలవల్ని
గట్లు కరిగించి వెడల్పు చేశారు,
కుడికాలవ చివరి చేలకి
ఈసారైనా నీళ్ళందాలన్నట్టు.

నరకడానికి వచ్చినవాళ్ళ చేత కాలవ తవ్వించిన
ఈ అరకిలో ముద్దని
మనవాళ్ళు మాయ అన్నారు.
ఎవరన్నారో, ఎంత తెలిసి అన్నారో.

రిపోర్టు కోసం తనే వచ్చింది, బిడ్డని చంకనేసుకుని.
"మా అత్త అంటది మేడం,
నా ఒళ్ళు బిడ్డని ఉంచుకోదని.
ఆ మూడుసార్లూ నాలో ఏదన్నా…"

ఆ మూడుసార్లూ నా దగ్గరికి డబ్బాలు రాలేదు.
చీటీ పోయిందో,
కావలివాడికి చదువు రాలేదో,
అసలు సంగతి వేరే ఏదో.
తెలీదమ్మా అన్నాను.
తెలీదనడం నా ఉద్యోగంలో సగం.
ఈసారిది మాత్రం చూపించాను.
ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆనించి
చాలాసేపు చూసింది.
"ఇంత సన్నంగా ఉంటదా," అంది,
యార్డులో సరుకు నాణ్యం చూసే గొంతుతో.

"మిగతాది ఏం చేస్తారు?"
పసుపు సంచిలో వేస్తాం.
శుభమని కాదు, నియమం అది.

తన కొంగున ఇంకా యార్డు ధూళి ఉన్నట్టుంది.
బిడ్డ మొహం చిట్లించి,
నోరు సున్నాలా చేసి
తుమ్మింది.
నలుసు, నలుసుని తోసేసింది.

నేను తర్వాతి డబ్బా మూత తిప్పుతున్నాను.
వరండాలోంచి ఎవరి గొంతో తెలిసేలోపే
రత్తమ్మ "నూరేళ్ళు!" అని
ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయింది.